సెసిల్ హోటల్ బిల్లు

గాంధీ సమగ్ర రచనల్లో ఆరో సంపుటం తెరిస్తే చాలా పేజీల దాకా ఒకటే చిరునామా వెంటాడుతుంది. హోటల్ సెసిల్, లండన్. తేదీలన్నీ 1906 అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు ఆఖరు లోపు. ఉత్తరాలు పార్లమెంటు సభ్యులకు, పత్రికల సంపాదకులకు, మాజీ ఐసీఎస్ అధికారులకు, పాత స్నేహితులకు. చాలావాటిలో నాలుగైదు వాక్యాలకు మించి ఉండవు. కలవడానికి ఏ రోజు వీలవుతుందని ఒకటి, మీ జాబు అందిందని ఒకటి, రేపటి సమావేశం మరిచిపోవద్దని ఇంకొకటి. వరసగా చదువుతుంటే ఉత్తరాల్లోని విషయం పక్కకు పోయి ఆ చిరునామా మీదికే మనసు పోతుంది.

గాంధీ అనగానే మనకు కళ్ళ ముందు మెదిలేది పాక, రాట్నం, చేతికర్ర. ఆ మనిషి ఎనిమిది వందల గదుల హోటల్లో, యూరప్‌లోకెల్లా పెద్దదని ఆ రోజుల్లో చెప్పుకున్న హోటల్లో, ఇంచుమించు ఆరు వారాలు బస చేశాడు. థేమ్స్ నది ఒడ్డున, కింద తోట, ఆపైన నీళ్ళు. బిల్లు ఎవరు కట్టారు? అసలు ఆ హోటల్ కట్టిన డబ్బు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని పోతే ఆ హోటల్ చరిత్రంతా బయటికొచ్చింది. హోటల్ మాత్రం లేదు. 1930లో పడగొట్టారు.

లండన్‌లో చారింగ్ క్రాస్ స్టేషన్ బయటికొచ్చి స్ట్రాండ్ వీధిలో తూర్పుకు నడిస్తే కాసేపట్లోనే కుడిచేతి పక్క రాతి ముఖద్వారం ఒకటి, నడుమ పెద్ద కమానుతో కనిపిస్తుంది. ఇంటి నంబరు 80. నన్ను అక్కడికి తీసుకెళ్ళిన మా అన్నయ్య కొడుకు, "ఇది ఆఫీసుల బిల్డింగు బాబాయ్, ఇక్కడ చూడ్డానికేముంది?" అన్నాడు. వాడన్నది నిజమే. వీధివైపు ముఖభాగం ఒక్కటే పాతది. కమాను దాటితే వెనకాలదంతా 1930ల నాటి తెల్లని కట్టడం. నది వైపు తిరిగి చూస్తే నెత్తిన పేద్ద గడియారం. "పెంగ్విన్ పుస్తకాలు చదువుతావు కదరా, ఈ చిరునామా ఎప్పుడూ చూడలేదా?" అని అడిగాను. ఈ శతాబ్దం మొదటి ఇరవై ఏళ్ళలో లండన్ నుంచి వచ్చిన పెంగ్విన్ పుస్తకాల్లో, శీర్షిక పేజీ తిప్పగానే కాపీరైటు వివరాల పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది: 80 స్ట్రాండ్. సెసిల్ హోటల్ ఉన్న చోటే అది. ఆ సంస్థ కూడా ఇప్పుడు అక్కణ్ణించి నది అవతలికి మారిపోయింది.

పేరు సంగతి ముందు చెప్పేస్తాను. థేమ్స్ ఒడ్డున ఈ బారునంతా ఒకప్పుడు ప్రభువుల భవనాలు ఉండేవి. మొదటి ఎలిజబెత్ రాణికీ ఆమె తరవాత జేమ్స్ రాజుకూ మంత్రిగా పనిచేసిన రాబర్ట్ సెసిల్ పదిహేడో శతాబ్దం మొదట్లో ఇక్కడ ఒక భవనం కట్టుకున్నాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి అదీ పోయింది. ఆ స్థలంలో రెండు చిన్న వీధులు వచ్చాయి, వాటికి సెసిల్ వీధి, సాలిస్‌బరీ వీధి అని వంశం పేర్లే మిగిలాయి. ఆ వంశంలో పుట్టిన లార్డ్ సాలిస్‌బరీయే విక్టోరియా రాణి చివరి రోజుల్లో ప్రధానమంత్రి. 1888లో ఆయన ఒక సభలో దాదాభాయి నౌరోజీని ఉద్దేశించి, ఇంగ్లండు నియోజకవర్గం ఒక నల్ల మనిషిని ఎన్నుకునే రోజు ఇంకా రాలేదనే భావంతో మాట్లాడాడు. ఆ మాటతో నౌరోజీ పేరు దేశమంతా పాకిపోయింది. 1892లో అతి కొద్ది ఓట్ల తేడాతో ఆయన పార్లమెంటుకు గెలిచాడు కూడా. ఆ నౌరోజీ మళ్ళీ మన కథలోకి వస్తాడు.

ఇక నది సంగతి. పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా థేమ్స్‌కు ఇక్కడ గట్టు లేదు. పోటు వస్తే నీళ్ళు ఇళ్ళ గోడలదాకా వచ్చేవి, పాటు తీస్తే బురద తేలేది. ఊరి మురుగంతా నదిలోకే. 1858 ఎండాకాలంలో ఆ కంపుకు పార్లమెంటు భవనం కిటికీల తెరలకు సున్నం నీళ్ళు పట్టించాల్సి వచ్చింది. అప్పుడు గానీ దొరలు కదల్లేదు. జోసెఫ్ బజల్గెట్ అనే ఇంజనీరు నదిని కొంత మేర లోపలికి నెట్టి రాతి గట్టు కట్టాడు. గట్టు కడుపులో మురుగు కాలువ, పక్కనే భూగర్భ రైలు మార్గం, పైన విశాలమైన రోడ్డు, చెట్లు, తోటలు. విక్టోరియా ఎంబాంక్‌మెంట్ అనే ఆ గట్టును 1870లో తెరిచారు. మన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన పద్దెనిమిదేళ్ళకు. 1878లో ఈజిప్టు నుంచి తెచ్చిన క్లియోపాత్రా సూదిని, అంటే పురాతనమైన ఒక ఏకశిలా స్తంభాన్ని, ఆ గట్టు మీదే నిలబెట్టారు.

ముక్కు మూసుకుని పోయే చోటు కాస్తా కిటికీ తెరిచి చూడాలనిపించే చోటైంది. నది కనిపించే గదికి ఎక్కువ డబ్బిచ్చే జనం తయారయ్యారు. 1889లో సెవాయ్ హోటల్ వచ్చింది, లిఫ్టులూ విద్యుద్దీపాలతో. అది ఇప్పటికీ ఉంది. దానికి పడమటి పక్కన ఖాళీ చేయించిన స్థలంలో అంతకన్నా పెద్దది కట్టాలని ఒకాయన తలపెట్టాడు. ఆయన పేరు జేబెజ్ బాల్ఫోర్.

ఈ బాల్ఫోర్ దగ్గర కాస్త ఆగాలి. లిబరల్ పార్టీ ఎంపీ. క్రోయ్‌డన్ పట్టణానికి మొదటి మేయరు. మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో పెద్ద. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. 1868లో లిబరేటర్ అనే గృహనిర్మాణ సంఘం పెట్టాడు. పేరులోనే విముక్తి ఉంది. అద్దె కొంపల నుంచి విముక్తి అన్నమాట. చిన్న జీతగాళ్ళు, దర్జీలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, వితంతువులు తలా కాస్తా దాచుకుంటే ఆ డబ్బుతో తమలాంటివాళ్ళే సొంత ఇల్లు కట్టుకోవచ్చని ప్రచారం. ఏజెంట్లలో చర్చి పాదిరీలు చాలామంది. పాదిరి చెప్పాక అనుమానమెందుకు? కొద్ది కాలానికే దేశంలో ఆ రకం సంఘాలన్నిటిలోకీ అదే పెద్దదైంది.

లోపల జరిగింది వేరు. బాల్ఫోరూ అతని మిత్రులూ చాలా కంపెనీలు పెట్టారు. ఒక కంపెనీ స్థలం కొంటుంది. రెండోదానికి ఎక్కువ ధరకు అమ్ముతుంది. రెండోది మూడోదానికి ఇంకా ఎక్కువకు. ప్రతి అమ్మకానికీ లెక్కల పుస్తకంలో లాభం, ఆ లాభం మీద డివిడెండు. ఆ కొనుగోళ్ళకు అప్పు ఇచ్చేది మాత్రం లిబరేటరే. అంటే పనిమనిషి దాచుకున్న సొమ్ము. మన ఊళ్ళలో చిట్టీల కంపెనీ మూతపడ్డ రోజున మూసిన షట్టరు ముందు నిలబడ్డ జనాన్ని చూసినవాళ్ళకు ఇంకేమీ వివరించక్కర్లేదు. సొంత ఇళ్ళకని పోగైన డబ్బు నది ఒడ్డున సంపన్నుల మేడలైంది. ఇంకాస్త ఎగువన వైట్‌హాల్ కోర్ట్ అనే భవంతి కూడా బాల్ఫోర్ తలపెట్టిందే. సెసిల్‌ను కూడా మొదట ధనికుల నివాసాల సముదాయంగా అనుకున్నారు, తరవాత హోటల్‌గా మార్చారు. పెర్రీ అండ్ రీడ్ అనే వాస్తుశిల్పుల జంట గీసిన నమూనా.

1892 శరత్కాలంలో లిబరేటర్ కూలింది. బకాయిలు 70 లక్షల పౌండ్ల పైమాటే. నది ఒడ్డున గోడలు సగంలో ఉన్నాయి. వేల కుటుంబాలు ఒక్కసారిగా దివాలా తీశాయి. ఆత్మహత్యలు జరిగాయి. వాళ్ళను ఆదుకోవడానికి వేరే చందాలు పోగుచేయాల్సి వచ్చింది. బాల్ఫోర్ మాత్రం ఆ ఏడాది చివర్లోనే అర్జెంటీనా పారిపోయి, ఉత్తరాన సాల్టా అనే ఊళ్ళో వేరే పేరుతో మకాం పెట్టాడు. అక్కడ ఆచూకీ దొరికింది. న్యాయస్థానాల్లో నెలల తరబడి లాగుడు. చివరికి స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ ఫ్రాంక్ ఫ్రోస్ట్ వెళ్ళి 1895లో ఓడెక్కించి తీసుకొచ్చాడు. పద్నాలుగేళ్ళ కఠిన శిక్ష పడింది. మరుసటి ఏడు, 1896లో, సెసిల్ హోటల్ తలుపులు తెరుచుకున్నాయి. వేరే యాజమాన్యం పూర్తిచేసింది. విందుల్లో మద్యం పుష్కలంగా పారింది. కట్టించినవాడు మద్యపాన వ్యతిరేకి, అదీ జైల్లో.

ఆ కాలపు పోస్టుకార్డులు పాత సామాను దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. నది మీంచి తీసిన ఫొటో: ముందు గట్టు, క్లియోపాత్రా సూది, తోటలో చెట్లు, వాటి వెనక వరసల మీద వరసలు కిటికీలు. భూతద్దం పెట్టి లెక్కపెడదామని మొదలుపెడితే మూడో అంతస్తు దగ్గర కన్ను తప్పిపోతుంది. స్ట్రాండ్ వైపు బగ్గీలు తిరగడానికి పెద్ద ముంగిలి. విందు హాళ్ళు, భోజనశాలలు. లండన్‌లో పెద్ద సంఘాల వార్షిక విందు అంటే అక్కడే అనేంతగా పేరు పడింది.

1906 అక్టోబరులో ఆ ముంగిట్లో ఇద్దరు భారతీయులు దిగారు. ఒకరు జోహాన్నెస్‌బర్గ్ బారిస్టరు గాంధీ, ముప్పై ఏడేళ్ళవాడు. రెండోవారు హమీదియా ఇస్లామిక్ సొసైటీ అధ్యక్షుడు హాజీ ఉజీర్ అలీ. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసులంతా పది వేళ్ళ ముద్రలు వేసి పత్రాలు తీసుకోవాలనీ, పోలీసు అడిగినప్పుడల్లా చూపించాలనీ ఒక ఆర్డినెన్సు వచ్చింది. సెప్టెంబరు 11న ఎంపైర్ థియేటర్‌లో సభ పెట్టి, దానికి లొంగమని ప్రమాణం చేశారు. అయితే అది చట్టం కావాలంటే లండన్ ఆమోదించాలి. ఆమోదించొద్దని చెప్పుకోవడానికి వీళ్ళిద్దరినీ పంపారు.

గాంధీ లండన్ చేరగానే మొదట దిగింది హైగేట్‌లో విప్లవ భావాల శ్యామ్‌జీ కృష్ణవర్మ నడిపే ఇండియా హౌస్‌లో. ఒకటి రెండు రోజుల్లో సెసిల్‌కు మారాడు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మంత్రిని కలవాలనుకునే మనిషికి మంత్రి గుమాస్తా గుర్తుపట్టే చిరునామా కావాలి. ఇండియా హౌస్ నుంచి వచ్చిన కవరు అనుమానంగా తెరుస్తారు. హోటల్ సెసిల్ నుంచి వచ్చిందైతే మర్యాదగా తెరుస్తారు. పార్లమెంటుకూ మంత్రుల కార్యాలయాలకూ నడిచిపోవచ్చు. ఖర్చు ట్రాన్స్‌వాల్ భారతీయుల చందాల్లోంచి. దుకాణదారులూ బండి మీద సరుకు అమ్ముకునేవాళ్ళూ నమ్మకంతో ఇచ్చిన డబ్బు. లిబరేటర్‌లో పొదుపు చేసినవాళ్ళ లాంటివాళ్ళే వాళ్ళూ. తేడా అంతా ఖర్చుపెట్టిన మనిషిలో ఉంది. ఈయన ప్రతి పెన్నీకీ లెక్క రాసేవాడు.

ఇదే ఊళ్ళో, ఇక్కడికి కూతవేటు దూరంలో, 1888లో చదువుకోవడానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళ గాంధీ విక్టోరియా హోటల్లో దిగాడు. లిఫ్టులోకి ఎక్కించి తలుపు వేస్తే, అది కూర్చోవడానికిచ్చిన గది కాబోలు అనుకున్నాడట. ఖాళీ చేసేటప్పుడు మూడు పౌండ్ల బిల్లు చూసి నిర్ఘాంతపోయానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ కుర్రాడే ఇప్పుడు సెసిల్‌లో గదులు తీసుకుని ఆఫీసు నడుపుతున్నాడు.

ఆఫీసే అది. గదిలో టైపు మిషను చప్పుడు. వచ్చిపోయేవాళ్ళు. అలీకి కీళ్ళనొప్పులు ముదిరాయి. గాంధీ ఆయన్ని బ్రామ్లీలో తన పాత శాకాహార మిత్రుడు డాక్టర్ ఓల్డ్‌ఫీల్డ్ నడిపే ఆసుపత్రిలో చేర్పించాడు. ఇక పని బరువంతా తన మీదే. సైమండ్స్ అనే ఆంగ్లేయుడొకాయన జీతం భత్యం లేకుండా వచ్చి సాయం చేశాడు. రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా కూర్చుని కవర్ల మీద చిరునామాలు రాయడం, బిళ్ళలు అతికించడం, తనే పోస్టు చేసి రావడం. దక్షిణాఫ్రికా సత్యాగ్రహం గురించి రాసిన పుస్తకంలో గాంధీ ఆయన్ని ఎంతో ప్రేమగా తలుచుకుంటాడు. పని ముగిసేసరికి పెన్నీ బిళ్ళలు దాదాపు ఐదు వేలు ఖర్చయ్యాయి. ఐదు వేల బిళ్ళలు తడిపి అతికించడమంటే ఏమిటో, పెళ్ళి శుభలేఖలకు బిళ్ళలు అంటించిన ఇళ్ళవాళ్ళకు తెలుస్తుంది.

నవంబరు 8న ప్రతినిధి బృందం వలస వ్యవహారాల మంత్రి లార్డ్ ఎల్గిన్‌ను కలిసింది. ఈ ఎల్గిన్ కొన్నేళ్ళ కిందట మన దేశానికి వైస్రాయిగా పనిచేసినవాడే. బృందానికి నాయకుడిగా సర్ లెపెల్ గ్రిఫిన్‌ను పెట్టుకున్నారు. పంజాబులో పెద్ద హోదాలు చేసిన మనిషి, కాంగ్రెస్ అంటే పడనివాడు. అలాంటివాడి నోట చెప్పిస్తేనే బరువుంటుందని గాంధీ లెక్క. వెనక నౌరోజీ, అప్పటికి ఎనభై ఒక్కేళ్ళు. ఒక పక్క కన్సర్వేటివ్ సర్ మంచెర్జీ భావ్‌నగ్రీ, ఇంకో పక్క లిబరల్ సర్ హెన్రీ కాటన్. లిబరల్, కన్సర్వేటివ్ అన్న తేడా లేకుండా అందరినీ ఒక గదిలోకి చేర్చాడు గాంధీ. ఆ నెలాఖరులో వలస వ్యవహారాల ఉపమంత్రిని కూడా కలిశాడు. ఆ ఉపమంత్రి పేరు విన్‌స్టన్ చర్చిల్. అప్పటికింకా ఇద్దరి మధ్యా మర్యాదే నడిచింది.

ఈ పరుగుల మధ్య ఇంకొకటి జరిగింది. అక్టోబరు 23న ఓటుహక్కు అడగడానికి పార్లమెంటుకు వెళ్ళిన స్త్రీలను అరెస్టు చేశారు. జుల్మానా కట్టి వెళ్ళిపొమ్మంటే కట్టం, జైలుకే పోతాం అన్నారు. వాళ్ళలో పెద్దింటి ఆడవాళ్ళున్నారు. గాంధీ దీని గురించి వెంటనే తన పత్రిక 'ఇండియన్ ఒపీనియన్'కు రాసి పంపాడు. ఆడవాళ్ళు చేసి చూపించారు, మనం మాటల దగ్గరే ఆగిపోతామా అన్నది ఆ వ్యాసం సారం. నాకు సెసిల్ కథ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అర్జీల మీద అర్జీలు టైపు చేయిస్తున్న మనిషి, అదే బల్ల మీద, అర్జీకి అవతల ఏముందో రాసుకున్నాడు.

నవంబరు 29న శ్రేయోభిలాషులను సెసిల్‌కే ఉదయం ఫలహారానికి పిలిచి, కృతజ్ఞతలు చెప్పి, డిసెంబరు 1న ఓడెక్కారు. మదీరా దీవి దగ్గర టెలిగ్రాం అందింది. ఆర్డినెన్సును ఎల్గిన్ ఆమోదించలేదు. ఆ ప్రయాణమంతా సంబరమే. కేప్‌టౌన్ చేరాక గానీ అసలు మెలిక తెలియలేదు. కొత్త సంవత్సరం మొదటి రోజున ట్రాన్స్‌వాల్‌కు స్వయంపాలన వస్తోంది. సొంత పార్లమెంటు అదే చట్టం చేసుకుంటే లండన్ అడ్డురాదని ఎల్గిన్ ముందే మాటిచ్చేశాడు. 1907 మార్చిలో ఆ చట్టాన్ని ఒక్క రోజులో నెగ్గించుకున్నారు. ఆరు వారాల హోటల్ బిల్లు, ఐదు వేల బిళ్ళలు, అన్నీ కలిసి సంపాదించింది కొద్ది నెలల గడువు. 1908 జనవరిలో గాంధీ మొదటిసారి జైలుకు వెళ్ళాడు. ఆ పోరాటంలో ముందు నిలిచి పదే పదే జైలుకెళ్ళిన తంబి నాయుడు పేరు మనకు మనవాడి పేరులా వినిపిస్తుంది గానీ, ఆయన మారిషస్‌లో పుట్టిన తమిళుడు. తెలుగు కూడా కొంచెం వచ్చని గాంధీయే రాశాడు.

అదే 1906లో, గాంధీ రాకకు కొన్ని నెలల ముందు, బాల్ఫోర్ జైలు నుంచి విడుదలయ్యాడు. జైలు అనుభవాల మీద పుస్తకం రాసి అచ్చువేయించాడు. లిబరేటర్ మదుపరుల అనుభవాలను మాత్రం ఎవరూ అచ్చువేయలేదు.

గాంధీ సెసిల్‌కు మరోసారి వచ్చాడు, ఈసారి అతిథిగా. 1914 ఆగస్టు 4న యుద్ధం ప్రకటించారు. 6న ఆయనా కస్తూర్‌బా లండన్ చేరారు, దక్షిణాఫ్రికాను వదిలేసి. 8న సెసిల్‌లో వాళ్ళకు సన్మానం. వచ్చినవాళ్ళ పేర్లు చదివితే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. జిన్నా, లాలా లజపతి రాయ్, ఆనంద కుమారస్వామి, సచ్చిదానంద సిన్హా, మన హైదరాబాదు నుంచి సరోజినీ నాయుడు. ఆ రోజుల్లోనే ఆమె గాంధీని వెతుక్కుంటూ కెన్సింగ్టన్‌లో ఒక పాత ఇంటి మెట్లెక్కింది. చూస్తే ఒక బక్కపలచని మనిషి నేల మీద జైలు కంబళి పరుచుకుని, చెక్క గిన్నెలో నలిపిన టమాటాలూ ఆలివ్ నూనే తింటున్నాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. వాళ్ళ స్నేహం అలా మొదలైంది. ఎనిమిదేళ్ళలో మనిషి ఎంత దూరం నడిచాడో ఆ చెక్క గిన్నె చెబుతుంది. సన్మానం మాత్రం సెసిల్‌లోనే జరిగింది, అది చేసేవాళ్ళ ఇష్టం కదా.

యుద్ధం ముదిరాక హోటల్‌ను ప్రభుత్వం తీసుకుంది. 1917 నుంచి అందులో వైమానిక బోర్డు. జర్మన్ విమానాలు లండన్ మీద పట్టపగలే బాంబులు వేస్తుంటే, సైన్యానికి వేరుగా, నౌకాదళానికి వేరుగా విమానాలుండటం పొసగదనీ, ఒక్కటే దళం కావాలనీ జనరల్ స్మట్స్ నివేదిక ఇచ్చాడు. స్మట్స్ అంటే ట్రాన్స్‌వాల్‌లో గాంధీని జైలుకు పంపిన స్మట్సే. ఈ కథలో మనుషులు ఇలా మళ్ళీ మళ్ళీ తగులుతుంటారు. నివేదిక మీద చర్చ నడుస్తుండగానే, సెప్టెంబరు 4 రాత్రి, హోటల్ ఎదురుగానే గట్టు మీద బాంబు పడింది. క్లియోపాత్రా సూదికి అటూ ఇటూ ఉన్న కంచు స్ఫింక్స్‌ల మీద ఆ పెంకులు చేసిన చిల్లులు ఇప్పటికీ పూడ్చకుండా ఉంచారు. ఒకదాంట్లో నా చూపుడు వేలు పట్టింది. అంచులు నునుపెక్కాయి, నాలాంటివాళ్ళు ఎంతమంది వేళ్ళు పెట్టారో.

1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్ పుట్టింది. మొదటి ప్రధాన కార్యాలయం సెసిల్ హోటల్. అందులో కూర్చున్న అధికారులు యుద్ధానికి సాయం కన్నా అడ్డే ఎక్కువని కుర్ర పైలట్ల వేళాకోళం. జర్మన్ల డబ్బు తిన్నాడని ఫ్రాన్సు కాల్చి చంపిన బోలో పాషా పేరు తెచ్చి హోటల్‌కు 'బోలో హౌస్' అని పెట్టారు. ఆ దళంలోనే కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ పది శత్రు విమానాలను కూల్చి, ఆ జులైలో పంతొమ్మిదేళ్ళకే చనిపోయాడు.

యుద్ధం తరవాత మళ్ళీ హోటలే. ఈ దశ గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. జాక్ పేన్ అనే ఆయన అక్కడి డాన్సు బృందాన్ని నడిపేవాడు. వాళ్ళ వాయిద్యం బీబీసీలో వచ్చేది. పక్క సందులో, సెవాయ్ హిల్‌లోనే బీబీసీ స్టూడియో ఉండేది కాబట్టి దూరమేం లేదు. కానీ ఎనిమిది వందల గదులు నింపడం ఏ హోటల్‌కైనా మాటలు కాదు. నేల విలువ హోటల్ విలువను దాటిపోయింది. షెల్-మెక్స్ చమురు కంపెనీ కొనుక్కుంది. 1930లో పదహారు వారాల్లో నేలమట్టం చేశారు. స్ట్రాండ్ వైపు ముఖభాగాన్ని మాత్రం దుకాణాల కోసమో ఏమో వదిలేశారు. వెనక కొత్త భవనం 1932లో పూర్తయింది. దాని గడియారం ముఖం బిగ్ బెన్ కన్నా పెద్దది. లండన్ జనం దానికి 'బిగ్ బెంజీన్' అని పేరు పెట్టారు.

1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీ మళ్ళీ లండన్ వచ్చాడు. తూర్పు లండన్ కార్మికవాడ 'బో'లో, మ్యూరియల్ లెస్టర్ నడిపే కింగ్స్‌లీ హాల్ డాబా మీద చిన్న గదిలో ఉన్నాడు. సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో సమావేశాలకు ఆ తూర్పు కొస నుంచి వచ్చేటప్పుడు ఏదో ఒక రోజు ఆయన కారు గట్టు మీదుగా పోయే ఉంటుంది. అప్పటికి అక్కడ సెసిల్ లేదు. పాతికేళ్ళ కిందట తన కోసం అర్ధరాత్రి దాకా బిళ్ళలంటించిన సైమండ్స్ కూడా లేడు. చిన్న వయసులోనే చనిపోయాడని గాంధీ రాశాడు.

ఇప్పుడు స్ట్రాండ్‌లో ఆ కమాను దగ్గర వెస్ట్‌మిన్‌స్టర్ నగర కౌన్సిల్ పెట్టిన ఆకుపచ్చ ఫలకం ఉంది. 1918 ఏప్రిల్ 1న ఇక్కడ రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పడిందని అందులో ఉంది. అది నిజమే, ఉండాల్సిందే. 1906 అర్జీ సంగతి, 1914 సన్మానం సంగతి ఆ ఫలకం మీద లేవు. పునాదులకు డబ్బిచ్చి రోడ్డున పడ్డ లిబరేటర్ మదుపరుల మాట అసలే లేదు. నా తీర్పు అడిగితే ఆ స్థలం మీద మొదటి హక్కు వాళ్ళది, రెండోది ట్రాన్స్‌వాల్ చందాదారులది, వైమానిక దళం వంతు మూడోది. లండన్‌లో మన తెలుగువాళ్ళ సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ బ్రహ్మాండంగా సభలు చేస్తున్నాయి. మిగతా భారతీయ సంఘాలతో కలిసి ఆ గోడ మీద ఇంకో రెండు వాక్యాల ఫలకం కోసం కౌన్సిల్‌కు అర్జీ పెడితే బాగుంటుంది. ఈసారి ఐదు వేల బిళ్ళలు అక్కర్లేదు.